సూదిలో కేక

పొలం గట్టు మీది కొట్టంలో మైలడనే ముసలి ఎద్దు ఉండేవాడు. ఎడమ కంటి కింద గడ్డ లేచి, రేగిపండంత అయి, కంటినే మింగేసేలా ఉంది. పశువుల డాక్టరమ్మ చూసి క్యాన్సర్ అంది. గడ్డ పక్కనే సూది వేసి వెళ్ళింది. మర్నాటికి కన్ను వాచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. రోజూ వచ్చి కుశలం అడిగి పోయేది గనక, బండి కింద పడుకున్న కుక్కలు తలైనా ఎత్తలేదు.

“అయ్యో బావా! నీకు విషం ఎక్కించారు. ఇంకో సూది పడితే దక్కవు. వాగవతల మంచి ఆకు మందుంది, నాతో రా.”

వాగవతల ఉన్నది ఆకలితో కూర్చున్న నక్క చుట్టాలు. మైలడికి ఆ సంగతి తెలీదు. పైగా భయమేసింది. లేవబోయాడు.

వీపు మీది గోరింక ముక్కుతో పొడిచింది. “ఎక్కడికి మావా? డాక్టరమ్మ చెబుతుంటే నేను విన్నాను. ఆ సూదిలో ఉన్నది ఓ కేక.”

“కేకా?”

“నీ నెత్తుట్లో టీ కణాలని ఓ సైన్యం తిరుగుతుంటుందట. గడ్డ నీ ఒంట్లో పుట్టిందే గదా, మనోడే అనుకుని పట్టించుకోవడం మానేసిందట. ఆ సైన్యాన్ని కేకేసి లేపడానికి మన ఒళ్ళే ఓ ప్రొటీను చేస్తుంది. ఆవిడ ఇంకాస్త తెచ్చి గడ్డ దగ్గరే పెట్టింది. సైన్యం లేచింది. లోపల కొట్లాట జరుగుతుంటే ఒళ్ళు వేడెక్కదూ?”

మైలడు నోరు తెరిచాడు. ఇన్నేళ్ళు నాగలి లాగిన ఒంట్లో ఇంత సైన్యం ఉందా! కాలుతున్న తన చెంప మీద తనకే గౌరవం కలిగింది.

నక్క నవ్వింది. “పిట్ట మాటలు నమ్ముతావా బావా? సొంతవాళ్ళ మీద ఎవరైనా పడతారా? నేనూ ఈ కొట్టంలో సొంతవాణ్ణే. ఈ కుక్కలు నన్ను కరుస్తున్నాయా?”

మైలడు బండి కిందికి చూశాడు. కుక్కలు హాయిగా గురక పెడుతున్నాయి. వాగవతల తను ఎన్నోసార్లు మేశాడు. ఉన్నవి ముళ్ళ కంపలే, మందాకు ఒక్కటీ లేదు.

“ఓ కేకేసి చూద్దాం బామ్మర్దీ,” అని నక్క మొహం మీదే రంకె వేశాడు.

ఆ రంకెకి నక్క ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. కుక్కలు మాత్రం ఉలిక్కిపడి లేచాయి. ఇన్నాళ్ళూ చుట్టంలా కనిపించింది ఒక్కసారిగా నక్కలా కనిపించింది వాటికి. వాగు దాటేదాకా తరిమి కొట్టాయి.

డాక్టరమ్మ ఇంకో సూది వేసింది. జొన్న కంకి వేసేనాటికి గడ్డ ఎండి రాలిపోయింది. మైలడు రెండు కళ్ళతోనూ చేను చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు: “లోపలి వాళ్ళు పడుకున్నారంటావా?”

“పడుకోనీ మావా, పాపం కష్టపడ్డారు.”

నీతి: ఒంట్లో ఉన్న బలాన్ని తగిన చోటికి పిలవడం తెలిస్తే, సగం గెలిచినట్టే.