కాల్చడమంటే

ఓబులేసు కథ మొదలుపెడితే పిల్లలు ఒంటి మీద ఈగ వాలినా తోలుకోరు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఓబులేసే. అలాంటివాడికి ఒక గురువారం పొద్దున ఆరేళ్ళ పిల్ల చేతిలో పరువు పోయింది.

నల్లమల అంచున ఒక గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే దస్తగిరి తాతకు ఓబులేసు శిష్యుడు. గురువారం మొక్కులకు, చదివింపులకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు. వచ్చినవాళ్ళందరికీ అక్కడే అన్నం. అన్నం గుండిగ పొయ్యి దిగేదాకా పిల్లలకు కథలు చెప్పి కూర్చోబెట్టే పని తాత ఓబులేసుకి అప్పగించాడు.

ఆ రోజు కింది ఊరి నుంచి ఈరమ్మ తన కూతురు సుంకిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"తాతా, దీనికొక తాయెత్తు కట్టు. ఇంట్లో పొయ్యి ముట్టించనీదు. ముట్టిస్తే చాలు, చెంబుడు నీళ్ళు తెచ్చి గుమ్మరిస్తాంది. కొట్టినా అంతే, బుజ్జగించినా అంతే. కడుపుకు సరిగా తినక ఎట్ల చిక్కిపోయిందో చూడు."

ఎప్పటి నుంచని తాత అడిగాడు.

"మా తమ్మునికి అట్లయినప్పటి నుంచి" అంది ఈరమ్మ గొంతు తగ్గించి.

ఎట్లయిందో గుట్ట మీద అందరికీ తెలుసు. బోరు నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. ఈరమ్మ మొగుడికి అన్న అయిన రంగన్న, అడవిపందుల కోసం దాచుకున్న నాటుతుపాకి తీసి ఈరమ్మ తమ్ముడు మద్దిలేటిని కాల్చాడు. మద్దిలేటి ఆసుపత్రిలో ఉన్నాడు. రంగన్న జైల్లో ఉన్నాడు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఈరమ్మ, రంగన్నల ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

రంగన్న భార్య నాగులమ్మ కూడా ఆ రోజు గుట్టకు వచ్చింది. అరుగు చివర ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరికీ మనసు రాలేదు. పాపం, తుపాకి పట్టింది ఆమె కాదు. కానీ లోకానికి అంత వివరం అక్కర్లేదు కదా.

"తాయెత్తు సంగతి తర్వాత చూద్దాం. ముందు బిడ్డను ఓబులేసు కథ విననీ" అన్నాడు తాత.

ఓబులేసు లోలోపల పొంగిపోయాడు. సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే అతను ఒక కథ కట్టి పెట్టుకున్నాడు. ఊళ్ళో పెద్దలంతా పిల్లల ముందు తుపాకి మాట ఎత్తకుండా తప్పించుకు తిరుగుతున్నారు. తాను మాత్రం తప్పించుకోడు. అయితే మనుషుల గురించి చెబితే పిల్లలు జడుసుకుంటారని అడవిలో పెట్టాడు కథను.

పిల్లలు చుట్టూ చేరారు. సుంకి ముందు వరసలో కూర్చుంది.

"అనగనగా ఒక అడవిలో నక్కకు తుపాకి దొరికింది. అప్పటిదాకా నక్కకు కోపమొస్తే అరిచేది, కరిచేది. ఇప్పుడు చేతికి తుపాకి వచ్చింది కదా! ఒకరోజు వాగు దగ్గర నెమలి అడ్డమొచ్చింది. నక్కకు రోషం పొడుచుకొచ్చింది. ఢాం! నెమలిని కాల్చేసింది."

ఇక జంతువులన్నీ కలిసి తుపాకిని మడుగులో పారేసే ఘట్టం రావాలి. అక్కడ ఓబులేసు గొంతు సన్నగా చేసి కుందేలులా మాట్లాడతాడు. పెద్దవాళ్ళు కూడా నవ్వుతారు.

కుందేలు రాకముందే సుంకి లేచింది. నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తి, చిన్న కడవ ముంచి, రొమ్ముకు అదుముకుని వెళ్ళి, గుండిగ కింది పొయ్యిలో దబ్బున గుమ్మరించింది. బుస్సుమని పొగ లేచింది. వంటవాళ్ళు లబలబలాడారు. అన్నం సగం ఉడికి ఆగిపోయింది. ఈరమ్మ చెయ్యెత్తుకుని వచ్చింది కానీ, పిల్ల వణుకుతూ ఉండడం చూసి ఆ చెయ్యి దించేసింది.

కథ వినాల్సిన పిల్లలంతా పొగ చూడడానికి పోయారు. ఓబులేసు మొహం మాడిపోయింది.

"మొండిఘటం తాతా ఇది! కథంతా విన్నింటే కదా తెలిసేది. చివర్లో ఎంత మంచి సంగతి ఉండాదో!"

"ఉంటాది లే" అన్నాడు తాత. "నక్క నెమలిని ఏం చేసినాదంటివి?"

"కాల్చినాది."

"ఊఁ" అని తాత లేచాడు.

వణుకుతున్న పిల్లను దగ్గరికి పిలిచాడు. ఓబులేసు కథ చెప్పే చాప మీద ఆమెను కూర్చోబెట్టాడు. ఓబులేసుని పిల్లల వరసలో కూర్చోమన్నాడు. తాను కూడా మోకాళ్ళు పట్టుకుని అతని పక్కనే కిందికి దిగాడు.

"సుంకమ్మా, ఈ పూట నువ్వు చెప్పు. మద్దిలేటి మామకు ఏమైంది?"

సుంకి చాప అంచు లాగింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

"మామను కాల్చినారు."

"ఎట్ల కాల్చినారమ్మా?"

ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు సుంకి తాతను చూసింది.

"శెనక్కాయలు కాల్చినట్ల. పోయినేడు చేన్లో మామే కంప ముట్టించి మాకు కాల్చిపెట్టినాడు. అన్నీ నల్లగయినాయి. ఇప్పుడు మామను కాల్చినారు. యాడ కాల్చినారో అమ్మ చెప్పలే. అడిగితే ఏడుస్తాది. పొయ్యిలో నిప్పుంటే మళ్ళా కాలుస్తారు. అమ్మను కూడా కాలుస్తారు."

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓబులేసుకి అప్పుడు తట్టింది. పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాట. వంకాయ కాలుస్తాం, బీడీ కాలుస్తాం, మనిషిని కాలుస్తాం. ఎన్నడూ అనుమానం రాలేదు. నెమలిని కాల్చి, ఆ పిల్లను మళ్ళీ మంటల దగ్గరికి తీసుకెళ్ళింది తన కథే. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

తాత వైపు చూశాడు. తాత పిల్ల వైపు చూశాడంతే.

ఓబులేసు మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. ఈసారి గొంతు మార్చలేదు, చేతులు ఊపలేదు.

"నిప్పులో పెట్టలేదు సుంకీ. తుపాకితో కొట్టినా కాల్చినారనే అంటాం మేము. పిచ్చి మాట అది. తుపాకిలోంచి ఇనప గుండు వస్తాది. చింతగింజంత ఉంటాది. అది మామ తొడలోకి పోయింది. రక్తం కారింది. డాక్టరు ఆ గుండును తీసేసి కుట్లు వేసినాడు."

"మామ నల్లగా కాలేదా?"

"కాలేదు."

"నొప్పి?"

అబద్ధం చెప్పడానికి ఓబులేసుకి నోరు రాలేదు. "ఉంది. శానా ఉంది. తగ్గుతాదంట. ఇంటికొస్తాడు. కొన్నాళ్ళు కుంటుతాడు."

సుంకి వణుకు ఆగింది. కానీ అడగడం ఆగలేదు. ఇన్నాళ్ళుగా లోపల పెట్టుకున్నవన్నీ వరసగా బయటికి వస్తున్నాయి.

"మరి పెదనాన్న ఎందుకు కొట్టినాడు? పెదనాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుంటాడే?"

అరుగు చివర నాగులమ్మ తల ఇంకా కిందికి వంగింది. ఓబులేసు ఆమెను చూసి, పిల్ల వైపు తిరిగాడు.

"కోపమొచ్చింది. కోపమొచ్చినప్పుడు చేతికి తుపాకి దొరికింది."

"దొరక్కుంటే?"

"తిట్టుకునేవాళ్ళు. ఒక దెబ్బ వేసుకునేవాళ్ళేమో."

సుంకి దీన్ని గురించి గట్టిగా ఆలోచించింది.

"మా అమ్మా, పెద్దమ్మా దినమూ తిట్టుకుంటారు. పొద్దున తిట్టుకుంటే మాపటికి మాట్లాడుకుంటారు. ఈసారి మాత్రం మాట్లాడుకోలే." ఇంకొంచెం ఆలోచించింది. "పెద్దమ్మకు తెలుసా? నిప్పులో పెట్టలేదని?"

ఓబులేసు జవాబు వెతుక్కునే లోపలే పిల్ల చాప మీద నుంచి లేచి అరుగు చివరికి నడిచింది. నాగులమ్మ ఎదురుగా నిలబడి, గుట్టంతా వినపడేటట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు భయపడొద్దు. పెదనాన్న మామను నిప్పులో పెట్టలేదంట. గుండు చింతగింజంతేనంట. డాక్టరు తీసి చెత్తలో పారేసినాడంట. తుపాకి లేకుంటే తిట్టుకుని ఊరకుండేవాళ్ళంట. మామ కుంటుకుంటా వస్తాడంట. పెదనాన్న కూడా వస్తాడంట."

నాగులమ్మ మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తమ్ముణ్ణి కొట్టిన ఇంటి మనిషి ఏడుస్తుంటే ఈరమ్మ అటే చూసింది. ఆమె కళ్ళలో కోపం పోలేదు. పోవాలని ఎవరు అడగగలరు?

అప్పుడు ఈరమ్మ తడిసిన పొయ్యి వైపు తిరిగి, ఎవరితోనూ కానట్టు, గట్టిగా అంది.

"ఇంతమందికి అన్నం ఆగిపాయె. ఎండు కంప తెచ్చేదానికి నేనొక్కదాన్నే పోవాల్నా?"

నాగులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

ఇద్దరూ గుట్ట వెనక వైపుకి నడిచారు. పక్కపక్కన కాదు, ముందొకరు, వెనకొకరు. మధ్యలో సుంకి చేతులు తిప్పుతూ మొదటి నుంచి మళ్ళీ చెబుతోంది. చింతగింజ ఈసారి ఉలవగింజ అయింది.

ఓబులేసు పిల్లల వరసలోంచి సగం లేచాడు.

"తాతా, పెదనాన్న వస్తాడని నేను చెప్పలేదు. చెత్తలో పారేసినాడని కూడా చెప్పలేదు."

తాత అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి కూర్చోబెట్టాడు.

"గమ్మునుండు" అన్నాడు. "బాగా చెబుతాండాది."