వాగు మీద గీసిన హద్దు

ఆ రోజుల్లో అమెరికా పడమటి నేలల మీద ఏడాదికో కొత్త హద్దు పడేది. మనుషులను చూసి జంతువులకూ ఆ పిచ్చి పట్టింది. చెట్టు బెరడు మీద బొగ్గుతో పటాలు గీసే పెత్తనం నక్క తీసుకుంది. నిన్న కుందేళ్ళదైన పొద ఇవాళ నక్కదయ్యేది. ఇదేమిటని అడిగితే పటం చూపించేది.

ముసలి అడవిదున్న జాగాలో ఉప్పు నేల ఉంది. లేళ్ళు, కుందేళ్ళు అక్కడికొచ్చి ఉప్పు నాకేవి. దున్న కాపలా ఉన్నంతకాలం వాటి జోలికి ఎవరూ పోలేరు. నక్కకు అదే కడుపుమంట.

"దున్న మామా, మనిద్దరికీ ఈ వాగే హద్దు. పడమర నీది, తూర్పు నాది. వాగు ఎటు జరిగితే హద్దూ అటే" అంది.

"వాగు జరగడమేమిట్రా?"

"మాటవరసకి మామా. పటమన్నాక అన్నీ రాసుకోవాలి."

దున్న ఆలోచించి ఆలోచించి పటం మీద గిట్ట ముద్ర వేసింది.

నక్క అటునుంచి అటే బీవరు దగ్గరికి పోయింది. కొమ్మలు కొరికి వాగులకు కట్టలు కట్టడం బీవరు పని. పొగిడితే తిండి కూడా మరిచిపోతుంది. వాగు పైన కట్ట కడితే నీళ్ళు ఉప్పు నేలకు అవతలగా తిరిగి పారతాయని, ఉప్పు తన వైపుకొస్తుందని నక్క లెక్క.

పొగడ్తకు పొంగి బీవరు చీకటి పడేలోగా కట్ట కట్టేసింది. సంగతి తెలిసి లేళ్ళు పరుగెత్తుకొచ్చాయి. కట్టను కుమ్మి పడగొట్టమని దున్నను బతిమాలాయి. దున్న ససేమిరా అంది. ముద్ర వేశాక మాటంటే మాటేనని, నీళ్ళొచ్చి లేపేదాకా కదలనని ఉప్పు నేల మీదే పడుకుంది. బింకంగా పడుకుందే గాని కన్ను మూత పడలేదు.

తెల్లవారేసరికి కట్ట వెనక నీళ్ళు నిండి పొర్లాయి. అయితే పడమటికి రాలేదు. హద్దులు పుట్టకముందు దున్నల మందలు తూర్పు మేతకు నడిచి నడిచి కాలువంత లోతుగా తొక్కిన దారి ఒకటుంది. నీళ్ళు అందులో పడి, నక్క బొరియ వెనకగా చుట్టి పారాయి. పాత వాగు ఎండింది. నక్క ఇల్లు దున్న రాజ్యంలోకొచ్చింది.

నక్క తడి తోకతో పరుగెత్తుకొచ్చి, పటం తప్పు పడింది, కొత్తది గీద్దామంది.

"ఎందుకురా అల్లుడూ, ఇదే ముద్దుగా ఉంది. నా జాగాలో ఉంటానంటే ఉండు. వేట మాత్రం కుదరదు" అంది దున్న, తాపీగా నెమరేస్తూ.

పొద్దెక్కేలోగా నక్క పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని కొత్త వాగు దాటించింది. గట్టు మీద కుందేళ్ళు నిలబడి చూశాయి.

ఎదుటివాడి ఇంటి మీదికి హద్దు జరిపేవాడు ముందు తన ఇల్లు ఎక్కడుందో చూసుకోవాలి.