నలుగురు నాయకులూ ఒక పులీ

చింతలమెట్టలో తెలివి ఎవరింట పుట్టిందని అడిగితే సూరంపూడి వాళ్ళు ముందుగా చెయ్యెత్తుతారు. ఎవరూ అడక్కపోయినా ఎత్తుతారు. వాళ్ళ లెక్కలో లోకంలోని మూర్ఖులంతా చెప్పిన మాట సగం విని, మిగతా సగం సొంత బుర్రలోంచి కలుపుకునేవాళ్ళు. సూరంపూడి వాళ్ళు అలా కాదు. చెప్పింది చెప్పినట్టు, ఆవగింజంత కలపకుండా, ఆవగింజంత తియ్యకుండా చేస్తారు. కలపడానికి లోపల ఏమీ లేదన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అదీ నమ్మేవాళ్ళు.

ఇంటి పెద్ద వామనమూర్తికి ఫొటో స్టూడియో ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళికొడుకుల్ని "గడ్డం కొంచెం ఎత్తు నాయనా" అంటూ బతికాడు. ఆ ఏడు ముహూర్తాలు పలచబడేసరికి, అడవి జంతువుల ఫొటోలు తీయించే యాత్రలు నడుపుతానని బోర్డు కట్టాడు. తనొక నాయకుడు. తమ్ముడు పరాంకుశం ఒక నాయకుడు. భార్య కనకవల్లి ఒక నాయకురాలు. ఆవిడ తమ్ముడు జంబులింగం ఇంకో నాయకుడు. నలుగురికీ టోపీలు కుట్టించి, టోపీల మీద 'యాత్రా నాయకుడు' అని రాయించారు. ఇంకేముంది, నాయకత్వం తయారు. వెంట వచ్చేవాళ్ళే దొరకలేదు. అయినా అనుకున్న రోజు తప్పకూడదని, నలుగురు నాయకులూ ఒకళ్ళనొకళ్ళు నడిపించుకుంటూ ఎర్రగట్టు అడవికి వచ్చారు.

గేటు దగ్గర వాళ్ళతో ఐదు నిమిషాలు మాట్లాడాక ముగ్గురు గైడ్లకి ఒకేసారి జ్వరం తగిలింది. మిగిలింది ఈదమ్మ.

ఈదమ్మ గైడు కాదు. పదకొండేళ్ళుగా ఎండాకాలం జంతువుల కోసం కట్టిన నీళ్ళ తొట్లు నింపే మనిషి. ఏ పులి ఏ తొట్టి దగ్గరికి ఏ పూట వస్తుందో ఆమెకి తెలుసు. చొక్కాకి గైడు బిళ్ళ పెట్టుకున్న మగవాళ్ళు పొద్దున్నే ఆమెని అడిగి, ఆమె చెప్పిన చోటికే జీపు పోనిచ్చి, అక్కడ పులి కనపడగానే "నా అనుభవంలో" అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ బిళ్ళ నాకూ ఒకటి ఇవ్వండయ్యా అని ఆమె మూడేళ్ళుగా అడవి రేంజరుని అడుగుతోంది.

రేంజరు మీసం చాటున నవ్వుకున్నాడు. "సరే ఈదమ్మా, ఈ నలుగుర్నీ నీకు అప్పజెప్తున్నా. మూడు రోజులు. వీళ్ళకి పులి ఫొటో దొరకాలి. మూడో రోజు సాయంత్రం ఆరింటికి గేటు మూసేలోపు నలుగురూ చెక్కుచెదరకుండా బయటికొచ్చి రిజిస్టర్లో సంతకాలు పెట్టాలి. పెడితే బిళ్ళ నీది. లేదంటే నీ బిందె నీకుంది."

మనుషుల్ని తిప్పడం నీళ్ళు మొయ్యడం కంటే కష్టమా అనుకుంది ఈదమ్మ. నీళ్ళకి పల్లం ఎటుందో తెలుసుకునే బుద్ధి ఉంటుందని ఆమెకి అప్పటికి తట్టలేదు.

"రేపు ఈ తళుకు చొక్కాలు వద్దు సారూ. ఆకు రంగులో రండి, అడవిలో కలిసిపోవాలి. జంతువు దగ్గరికొస్తే మాత్రం కదలకండి," అని చెప్పి పంపింది.

ఆ సాయంత్రం నలుగురూ సభ పెట్టారు.

"ఏ ఆకు రంగు అన్నయ్యా?" అన్నాడు పరాంకుశం. "మామిడి చిగురు ఎర్రగా ఉంటుంది. ముదురాకు పచ్చ. పండుటాకు పసుపు."

"అమ్మాయి చెప్పలేదు. మనం ఎంచుకుంటే మన బుర్ర కలిపినట్టవుతుంది," అన్నాడు వామనమూర్తి.

"ఆకులే కట్టుకుంటే సరి. ఏ ఆకు రంగు ఆ ఆకుకి ఉండనే ఉంటుంది కదండీ," అంది కనకవల్లి.

ఆవిడ తెలివికి ముగ్గురూ ముక్కు మీద వేలేసుకున్నారు.

తెల్లారేసరికి గేటు ముందు నాలుగు విస్తరికట్టలు నిలబడి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే వాటికి టోపీలున్నాయి. మెడ నుంచి మోకాళ్ళ దాకా అడ్డాకులు, పుల్లలతో ముచ్చటగా కుట్టుకున్నారు.

"కలిసిపోయామా అమ్మాయ్?" అన్నాడు వామనమూర్తి.

"కలిసిపోయారు సారూ. మనుషుల్లో మాత్రం కాదు," అంది ఈదమ్మ.

ఈలోపు కాపలావాడి మేకలు చూశాయి. వాటి జన్మలో విస్తరి నడిచి రావడం అదే మొదలు. అంతే, పదిహేను మేకలు చుట్టూ చేరి పంక్తి మొదలుపెట్టాయి. "పారిపోండయ్యా," అని ఈదమ్మ కర్ర పట్టుకుని పరిగెత్తుకొస్తే, విస్తరిలోంచి జంబులింగం పెదవి కదపకుండా, "జంతువు దగ్గరికొస్తే కదలొద్దన్నావు," అన్నాడు. కనకవల్లి ఆకుల కింద చీర కట్టుకుంది కాబట్టి పరువు దక్కింది. మగ నాయకులు ముగ్గురూ బనీన్లతో, టోపీలతో మిగిలారు. పొద్దుటి పూట అలా మేకల కడుపులోకి పోయింది.

సాయంత్రం చొక్కాలు తొడిగించి జీపెక్కించింది. డ్రైవరు ఖాసిం పక్కన తను కూర్చుంది. "లోపలికి వెళ్ళాక లేవకండి, నోరు మెదపకండి. పులి కనపడితే నా భుజం తట్టండి, చాలు."

రెండు గంటలు తిరిగారు. ఎవరూ తట్టలేదు. గేటు దగ్గరికొచ్చి జీపు ఆగింది. చివరి సీట్లోంచి జంబులింగం దిగాడు, జీపు చుట్టూ నడిచొచ్చాడు, ఈదమ్మ భుజం తట్టాడు.

"పులి," అన్నాడు.

ఈదమ్మ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. మేకలు తప్ప ఏమీ లేదు. "ఎక్కడయ్యా?"

"రెండో మలుపు దగ్గర, మద్దిచెట్టు కింద. పక్కన రెండు కూనలు కూడా ఉన్నాయి."

"అక్కడే తట్టొచ్చుగా?"

"నువ్వు ముందు సీట్లో, నేను చివరి సీట్లో. చెయ్యి అందలా. లేవొద్దన్నావు, నోరు మెదపొద్దన్నావు. ఇదిగో, ఇప్పుడు అందింది."

వామనమూర్తి కళ్ళు చెమర్చాయి. "చూశావా అమ్మాయ్ మా బామ్మర్దిని. గంటన్నర పాటు పులిని కడుపులో దాచుకున్నాడు. ఇంకొకడైతే అరిచి పాడుచేసేవాడు."

ఖాసిం ఈదమ్మ వైపు వంగి, "తొట్లు నింపుకుంటే హాయిగా ఉండేది కదా చెల్లీ," అన్నాడు. ఆమె విననట్టు మేకల్ని అదిలించింది. పలికితే ఒప్పుకున్నట్టవుతుంది.

రెండో రోజు ఆమె వాళ్ళని నమ్ముకోలేదు. తానే తిన్నగా నాలుగో తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. పులి అక్కడే ఉంది. పిలిచి పీట వేసినట్టు తొట్టి గట్టు మీద కూర్చుని ఇటే చూస్తోంది.

"కదిలేటప్పుడు నొక్కితే బొమ్మ చెదిరిపోతుంది సారూ. కదలకుండా ఉన్నప్పుడు నొక్కండి," అని గుసగుసగా చెప్పింది.

వామనమూర్తి కెమెరాకి కన్ను ఆనించాడు. ఒక నిమిషం. రెండు. ఐదు. నొక్కడు.

"నొక్కండి సారూ."

"తోక."

"ఏంటి?"

"తోక ఆడుతోంది."

తోక ఆగింది. "ఇప్పుడు నొక్కండి సారూ."

"చెవి."

చెవి మీది ఈగ పోయింది, చెవీ ఆగింది. పులి గుడిమెట్టు మీది రాతిసింహంలా అయిపోయింది. వామనమూర్తి వేలు బటన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"పొట్ట ఎగిరి పడుతోంది. కాస్త ఊపిరి బిగబట్టమను," అన్నాడు.

"ఎవర్ని?"

"పులిని. నీ మాటైతే వింటుంది, ఇక్కడిదానివి కదా."

ఖాసిం స్టీరింగ్ మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. పులి లేచింది, ఒళ్ళు విరుచుకుంది, వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకులైతే ఇలా మధ్యలో లేచిపోరని పరాంకుశం దాన్ని తప్పుపట్టాడు. దారంతా ఈదమ్మ బిందెల లెక్క వేసుకుంది. తొట్టికి నలభై. తొట్లు తొమ్మిది.

మూడో రోజు మధ్యాహ్నం దాకా అడుగుజాడ కూడా లేదు. జీపు వెదురుపొదల పక్కన ఆపించింది. ఊరికే కూర్చోబెడితే ఏం ముంచుకొస్తుందోనని నాలుగు ముక్కలు చెప్పింది. "ఆ చెట్టు మీద కొండముచ్చులున్నాయే, అవి పైనుంచి కాపలా కాస్తాయి. కొండముచ్చు ఖక్‌మని అరిస్తే పులి వస్తోందన్నమాట." చెప్పి, దుర్భిణీ పెట్టుకుని అటు తిరిగింది.

ఆ మాట జంబులింగం బుర్రలో దిగడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు, అంతా ఖాళీయే. "బావా, కొండముచ్చు అరిస్తే పులి వస్తుందట. ఇక్కడి కొండముచ్చులన్నీ కునుకు తీస్తున్నాయి. ఇవాళ పులి రాకపోవడానికి కారణం ఇదీ."

"వాటి పని మనమే చేద్దాం," అన్నాడు వామనమూర్తి.

ఇంకేముంది, నలుగురు నాయకులూ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఖక్ ఖక్ ఖక్ అని మొదలుపెట్టారు. కనకవల్లిది మరీ గట్టి గొంతు. చెట్టు మీది కొండముచ్చులు అదిరిపడి లేచి నిజంగానే అరిచాయి. దుప్పులు ఒక దిక్కుకి, నెమళ్ళు ఇంకో దిక్కుకి. ఎక్కడో తిరుగుతున్న మూడు జీపులు పులి దొరికిందనుకుని దుమ్ము లేపుకుంటూ వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. బిళ్ళల గైడ్లు ముగ్గురూ, జ్వరాలు అప్పుడే తగ్గినట్టున్నాయి, ఈదమ్మ వైపు చూసి పళ్ళికిలించారు.

ఆమెకి ఆ వెదురుపొదలోకి దూరిపోదామనిపించింది. దూరకపోవడమే మంచిదైంది. పులి అందులోనే పడుకుని ఉంది. మధ్యాహ్నం నిద్ర చెడగొడితే మనకే ఒళ్ళు మండుతుంది, అది పులి. పొద చీల్చుకుని బాట మీదికొచ్చి నిలబడి, టోపీలు పెట్టుకున్న ఈ కొండముచ్చులు ఏ అడవివా అని చూసింది. నోరు తెరిచి ఒక్క గాండ్రింపు. పరాంకుశం వణుకుతూ కెమెరా మీద పడ్డాడు. వేలు బటన్ మీద బిగుసుకుపోయింది. కెమెరా నలభై సార్లు కొట్టుకుంది. ముప్ఫై తొమ్మిదింట్లో ఆకాశం, వెదుళ్ళు, కనకవల్లి చెవి. ఒక్కదాంట్లో పులి. నిండు మొహం, తెరిచిన నోరు, మీసం మీద ఎండ.

"పిలిస్తే వచ్చింది," అన్నాడు జంబులింగం తాపీగా.

ఐదుంబావుకి గేటుకి చేరారు. ఈదమ్మ వాళ్ళని గేటు లోపల చెట్టు కింద నిలబెట్టి, రేంజరుని పిలుచుకు రావడానికి పక్కనే ఉన్న ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఐదు నిమిషాలు, అంతే. వచ్చేసరికి కెమెరా తలుపు తెరిచి ఉంది. లోపల ఫొటోలున్న కార్డు లేదు.

"పాతిపెట్టేశాం," అన్నాడు వామనమూర్తి.

గేటు పక్క బోర్డు చూపించాడు. 'అడవి నుండి ఏదియు బయటికి తీసుకుపోరాదు.'

"పులి అడవిది. పులి మొహమూ అడవిదే. మేం దొంగలం కాదమ్మాయ్."

ఈదమ్మకి ఏడుపు రాలేదు. మూడు రోజుల్లో ఆమెకి ఒక సంగతి బోధపడింది. వీళ్ళకి బుద్ధి చెప్పడం, లేని ఇంటి తలుపు తట్టడం. మాట ఒకటే చెప్పాలి, దానికి సందు ఉండకూడదు. "సారూ, ఆఫీసు గది గేటుకి లోపలే ఉంది. కార్డు తవ్వి ఆ గదిలో చూపిస్తే బయటికి తీసుకుపోయినట్టు కాదు. చూపించి అక్కడే వదిలెయ్యండి."

నలుగురూ ఆలోచించారు. అందులో తప్పు కనపడలేదు. తవ్వారు. రేంజరు కంప్యూటర్లో ఫొటో చూశాడు. మీసం కిందికి జారింది. సొరుగులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "సంతకాలు మిగిలాయి," అన్నాడు.

రిజిస్టరు గేటు బయట కాపలావాడి బల్ల మీద ఉంది. పది అడుగులు. టైము ఐదూ నలభై.

నాయకులు చెప్పులు విప్పి దుమ్ము దులుపుకున్నారు. చీరంచుకి అంటుకున్న పల్లేరుకాయలు ఏరి పారేశారు. ఈదమ్మ పళ్ళ బిగువున ఓర్చుకుంది. కాలు గేటు దాటబోతుండగా పరాంకుశం ఆగాడు.

"అన్నయ్యా, ఇప్పుడు పీల్చిన గాలో?"

వామనమూర్తి మొహం పాలిపోయింది. నిజమే, అడవి గాలి. రొమ్ము నిండా దాచుకుని ఎలా దాటడం? అంతే, నలుగురూ బుగ్గలు పట్టేదాకా ఊదేశారు. ఒట్టి రొమ్ముతో రెండడుగులు వేశారు. ఊపిరాడక మళ్ళీ పీల్చారు. పీల్చారు కాబట్టి వెనక్కొచ్చారు. మళ్ళీ ఊదారు. మళ్ళీ పీల్చారు. మళ్ళీ వెనక్కి. ఐదూ యాభై. రేంజరు కిటికీలోంచి గడియారం చూసి మీసం మెల్లగా పైకి తిప్పుకున్నాడు.

ఈదమ్మ వాళ్ళని వరసగా గేటు గీతకి జానెడు దూరంలో నిలబెట్టింది. "ఊదండి సారూ. ముక్కు మూసుకోండి." ఊదగానే వీపు మీద రెండు చేతులూ పెట్టి ఒక్క తోపు. వామనమూర్తి బయట. పరాంకుశం బయట. జంబులింగం బయట. కనకవల్లి కొంచెం బరువు, భుజం ఆనించాల్సి వచ్చింది. బయట నలుగురూ లేచి దులుపుకుని సంతకాలు పెట్టారు. ఐదూ యాభై ఎనిమిది. రేంజరు ఆముదం తాగిన మొహంతో వచ్చి, బిళ్ళ ఈదమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వెంటనే జాకెట్టుకి గుచ్చుకుంది, మనసు మార్చుకుంటాడేమోనని.

బయట వామనమూర్తి వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆ బోర్డుకి అవతలి వైపు కూడా రాత ఉంది. 'మీ వస్తువులేవియు అడవిలో విడువరాదు.'

"ఏవే, మనం వచ్చేటప్పుడు ఛాతీ నిండా చింతలమెట్ట గాలి తెచ్చుకున్నాం కదూ?"

"తెచ్చుకోకుండా ఎలా వస్తామండీ?"

"అదంతా లోపలే వదిలేశాం."

ఇంకేముంది, నలుగురు నాయకులూ నోళ్ళు బార్లా తెరుచుకుని గేటు లోపలికి పరుగు తీశారు. సరిగ్గా ఆరయింది. కాపలావాడు నియమం ప్రకారం గొలుసు వేశాడు.

రేంజరు ఈదమ్మ వైపు తిరిగాడు. "గైడుగారూ, మీ వాళ్ళే," అన్నాడు.

లోపల జంబులింగం బుగ్గలు బుడగల్లా ఉబ్బించుకుని వస్తున్నాడు, దొరికిందన్నట్టు రెండు చేతులూ ఊపుతూ. వామనమూర్తి వాడి భుజం పట్టుకుని ఆపి, మొహం దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు వాసన చూశాడు.

"ఒరేయ్, ఇది నాది. నీది వెతుక్కో," అన్నాడు.