కాటుక గేదె తోడు ముంత

అనగనగా ఒక అడవిలో కాటుక అనే గేదెదూడ ఉండేది. ఒంటి నలుపు చూసి అమ్మమ్మ పెట్టిన పేరది. రోజూ సాయంత్రం అమ్మమ్మ గోరువెచ్చని పాలలో చుక్క పెరుగు వేసి మూత పెట్టేది. తెల్లారి చూస్తే పాలు లేవు! కుండ వంచినా ఒలకని గడ్డపెరుగు! మీకిది మామూలే పిల్లలూ, రోజూ తింటూ వంకలు కూడా పెడతారు. కాటుక మాత్రం ఆ వింత చూసి తెరిచిన నోరు మూయలేదు.

"లోపల ఎవరున్నారు అమ్మమ్మా?" అని అడిగింది.

"కంటికి కనపడనంత చిన్న ప్రాణులే. ఈ తోడు మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ ఇచ్చింది. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా ఆగలేదు" అంది అమ్మమ్మ. "ఎవరైనా తోడుకొస్తే లేదనకు. ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పి ఇవ్వు."

కాటుక కుండలోకి తొంగి చూసింది. ఎన్ని వానలు, ఎన్ని ఎండలు దాటి వచ్చిందో ఈ చుక్క! తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

కాటుక పెద్దదయింది. అమ్మమ్మ పోయింది, తోడు ముంత మిగిలింది. అడవి అంచున పొలాల్లో పురుగుమందు చల్లేవాళ్ళు. అక్కడి గడ్డి ఎంత పచ్చగా ఉన్నా కాటుక ముట్టేది కాదు. కొండవాలు ఎక్కి, మందు తగలని గడ్డే మేసేది. తన పాలు తోడుపెట్టిన ఆ పెరుగు ఒక దొన్నెడు తిని ఎలుగుబంటి చెట్టుకు ఆనుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఎలుగుబంటి మాట్లాడకపోవడం ఆ అడవిలో ఎవరూ ఎరగరు! దాంతో పేరు పాకిపోయింది.

తోడు కోసం ఉడుత వచ్చింది. కుందేలు వచ్చింది. వాగు దాటి పోతూ తాబేలు తాత వచ్చాడు. అందరికీ కాటుక చెంచాడు తోడు, అమ్మమ్మ మాట కలిపి ఇచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఇరవై గేదెలు చేరాయి. ఒక్క కుండ నూరు కుండలయింది. మోపు గడ్డి తెస్తే దొన్నె పెరుగు. మద్దిచెట్టుకు 'కాటుక సేంద్రియ పెరుగు కంపెనీ' అని బోర్డు వేలాడింది. వరసగా పేర్చిన నూరు కుండలు చూసి, ఇవన్నీ ఆ ఒక్క చుక్కలోంచి వచ్చాయా అని కాటుకే నమ్మలేకపోయేది.

పనులు చూడడానికి చిటికెయ్య అనే ముంగిస కుదిరాడు. చురుకైనవాడే. ఆ చురుకుతోనే వచ్చింది చిక్కు.

"అందరికీ తోడు ఇస్తూ పోతే ఇంటికో కంపెనీ లేస్తుంది కాటుకమ్మా. ఇక ఎవరికీ ఇవ్వకండి" అన్నాడు.

అంతలో కొండ అవతలి నుంచి సూదమ్మ అనే ముళ్ళపంది కొబ్బరిచిప్ప పట్టుకుని వచ్చింది. "పిల్లలకి పెరుగన్నం పెట్టాలమ్మా, చుక్క తోడు ఇవ్వు" అంది.

కాటుకకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. కానీ నూరు కుండలు కూడా కళ్ళముందు కనిపించాయి. "తోడు లేదు. కావాలంటే పెరుగు కొనుక్కో" అంది.

"ఇంత దూరం రోజూ గడ్డి మోయలేనమ్మా" అంది సూదమ్మ. మర్నాడు వచ్చింది, లేదన్నారు. మూడోనాడూ వచ్చింది.

"పెరుగుండీ తోడు లేదంటే ఎలాగమ్మా?" అని మెల్లగా అని, ఖాళీ చిప్పతో వెళ్ళిపోయింది. కాటుక తలెత్తలేదు. ఆ పూట గడ్డి సహించలేదు.

కొన్నాళ్ళకు చిటికెయ్యకు శుభ్రం పిచ్చి పట్టింది. "సేంద్రియమంటే మజాకానా? మచ్చ ఉండకూడదు!" అంటూ కుండలన్నీ సలసల కాగే నీళ్ళతో కడిగాడు. శుభ్రం మంచిదే కదా. కానీ ఆ ఊపులో తోడు ముంతను పెరుగుతో సహా మరిగే నీళ్ళలో దించేశాడు.

ఆ తోడే నూరు కుండల్లోనూ వేశారు. తెల్లారి మూతలు తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. రెండోరోజూ అంతే. మూడోరోజు విరిగి వాసన కొట్టాయి.

వేడికి ముంతలోని చిన్న ప్రాణులన్నీ చచ్చిపోయాయని కాటుకకు అర్థమైంది. అమ్మమ్మల నాటి నుంచి ఒక్కరోజూ ఆగనిది తన చేతుల్లో ఆగిపోయింది! ముంత పట్టుకుని పరుగున ఉడుత ఇంటికెళ్ళింది.

"మీ కంపెనీ పెరుగు వస్తుంటే ఇంట్లో తోడెందుకని ఎప్పుడో మానేశాం" అంది ఉడుత.

కుందేలూ అదే మాట అంది. "కొండ అవతల సూదమ్మ ఇంట్లో చల్ల కవ్వం చప్పుడు విన్నాను" అని ఒక కబురు మాత్రం చెప్పింది.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? అయినా కాటుక కొండ ఎక్కి దిగింది. గుమ్మంలో నిలబడి, ముంతను వెనక్కి పెట్టుకుని, "వానలెలా ఉన్నాయి సూదమ్మా?" అంది.

సూదమ్మ నవ్వింది. "చల్లకొచ్చి ముంత దాచడమెందుకు కాటుకమ్మా? ఇలా ఇవ్వు."

ముంతలో నిండుగా తోడు వేసింది. కాటుక కాస్త నాలుక మీద వేసుకుంది. అదే కమ్మదనం. అదే చిరుపులుపు. అమ్మమ్మ పెరుగే!

"ఇది... నీకెక్కడిది?"

"వాగు దగ్గర తాబేలు తాత ఇచ్చాడమ్మా."

"నేను మూడుసార్లు లేదన్నానే! నాకెలా ఇస్తున్నావు?"

"తోడుకొస్తే లేదనకూడదటమ్మా" అంది సూదమ్మ. "ఎవరో పెద్దావిడ చెప్పిన మాటట. తాత ఆ మాట కూడా చెప్పే ఇచ్చాడు."

కాటుక అక్కడే కూలబడి ఏడ్చేసింది. తను వదిలేసిన మాట వాగు దాటి, కొండ దాటి, తనకంటే ముందు ఇక్కడికొచ్చి కూర్చుంది.

మర్నాడు తెల్లారి కాటుక మూత తీసింది. కుండ వంచింది. ఒలకలేదు. చిన్నప్పటిలాగే నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజే బోర్డు కింద ఒక కొత్త ముంత పెట్టించింది. తోడుకొచ్చినవాళ్ళకు చెంచాడు తీసివ్వడం, అమ్మమ్మ మాట చెప్పడం చిటికెయ్య పని. మొదట్లో గొణిగాడు కానీ, ఇప్పుడు ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పేది వాడే.

నీతి: ప్రాణమున్నది పంచితేనే బతుకుతుంది, నువ్వు పోగొట్టుకున్నా, పంచినది నీకోసం ఎక్కడో ఒకచోట ఉంటుంది.