నదిని అడిగిన సంపెంగి

చాలా చాలా కాలం కిందట, ఏడు సముద్రాలూ ఏడు రుచులుగా ఉన్న రోజుల్లో, పొగడపురమనే రాజ్యాన్ని మణికేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతు, నడిపివాడు హేమకేతు, చిన్నవాడు పింగళుడు. ఊరిని ఆనుకుని తెల్లేరు అనే నది పారేది. దాని నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, ఆకాశంలో కొంగ ఎగిరితే నీటి అడుగున కూడా ఒక కొంగ ఎగిరేది.

ఒక ఏడు తెల్లేరుకు పెద్ద వరద వచ్చింది. ఇళ్ళు కొట్టుకుపోయాయి. జనం గుట్టలెక్కి ఏడుస్తుంటే, మందహాసుడనే మాంత్రికుడు ఎక్కణ్ణుంచో వచ్చాడు. ఆయన ముఖం మీద చిరునవ్వు చెదిరేది కాదు.

"భయపడకండి. మూడు రోజులు ఈ నదిని నా కమండలంలో ఉంచుతాను. శాంతించాక వదిలేద్దాం" అన్నాడు.

కమండలం వంచాడు. నదంతా చేపలతో సహా సన్నటి వెండి దారంలా అందులోకి జారిపోయింది.

మూడు రోజులయ్యాయి. నది రాలేదు. మూడు నెలలయ్యాయి. నది రాలేదు. మూడేళ్ళయ్యాయి. అయినా రాలేదు. ఈలోగా మాంత్రికుడు రాజు పక్కనే పీఠం వేయించుకున్నాడు. జనం రోజూ పొద్దున్నే వరసలో నిలబడి, ఆయనకు దణ్ణం పెట్టి, ఇంటికో కడవ నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు.

ఇదేం న్యాయమని అడిగితే ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "పాపం, నీకిక్కడ బాగాలేనట్టుంది. ఎందుకు నాయనా ఈ బాధ? సముద్రపు రేవులో తెల్లపడవ ఉంది. ఏడు సముద్రాల అవతల హాయిదీవి ఉంది. వెళ్ళిపో" అనేవాడు.

బావులు తవ్వేవాళ్ళు అడిగారు. పడవెక్కి వెళ్ళిపోయారు. పంతుళ్ళు అడిగారు. పడవెక్కి వెళ్ళిపోయారు. రత్నకేతు అడిగి, "ఇలాంటి చోట ఒక్క పూట ఉండను" అని వెళ్ళిపోయాడు. హేమకేతు అడిగి, అన్న వెనకే వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరు వెళ్ళేకొద్దీ వరసలో మాటలు తగ్గాయి. చివరికి కడవల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఒక్క గొంతు మాత్రం మిగిలింది. పడవ నడిపే గంగులు కూతురు సంపెంగి రోజూ మాంత్రికుడి పీఠానికి మూడడుగుల దూరంలో నిలబడి, "స్వామీ, మా నది ఎప్పుడిస్తారు?" అని అడిగేది.

"తెల్లపడవ ఉంది కదా తల్లీ."

"పడవ నాకెందుకు? నది కావాలి."

అలా అని, కడవ నింపుకుని ఇంటికి వెళ్ళేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. మొదట్లో భటులు ఆమెకు అడ్డం వచ్చేవాళ్ళు. తరవాత తరవాత అలవాటుపడిపోయారు.

పింగళుడికీ ఒకరోజు విసుగొచ్చింది. మూట కట్టుకుని ఇసుకలో నడుస్తూ రేవుకు బయల్దేరాడు. దారిలో, ఎండిన ఏట్లో ఒరిగిపోయిన తండ్రి పడవకు సంపెంగి తారు పూస్తోంది.

"నీళ్ళు లేని పడవకు తారెందుకు?" అన్నాడు.

"నీళ్ళొచ్చిన రోజు పూస్తే ఆరదు చిన్నదొరా. మీరూ వెళ్తున్నారా?"

"ఉండి ఏం చేయను? మూడేళ్ళుగా అడుగుతున్నావు. ఏం వచ్చింది?"

"ఏమీ రాలేదు" అంది సంపెంగి. "ఒక్కోరోజు నాకే సిగ్గేస్తుంది, ఎందుకు అడుగుతున్నానా అని. కానీ నేనూ మానేస్తే, నది మనదన్న మాటే జనం మరిచిపోతారు. మీరు వెళ్ళండి. ఒక్కటి చెప్పండి. ఉండిపోవడానికి వెళ్తున్నారా, వెళ్ళినవాళ్ళను తీసుకురావడానికా?"

పింగళుడు మూట సర్దుకున్నాడు. తల వంచుకుని ముందుకు నడిచాడు.

కొంత దూరం పోయాక, పగుళ్ళిచ్చిన బురదలో ఒక ముసలి తాబేలు కనిపించింది. "నాయనా, నన్ను సముద్రం దాకా మోసుకుపో" అంది. పింగళుడు దాన్ని భుజాన వేసుకున్నాడు.

"నీ వాళ్ళందరూ ఏరి తాతా?"

"నది పోగానే వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. మంచిపనే చేశానో లేదో తెలియదు. డిప్ప మాత్రం పగిలింది" అని నిట్టూర్చింది తాబేలు. "నువ్వు ఆ తెల్లపడవ ఎక్కకు. నేను తీసుకెళ్తాను. హాయిదీవిలో పండు తినకు. తిన్నవాళ్ళు చిలకలైపోతారు. ఆ చిలకల్లో ఒకదానిలోనే మాంత్రికుడి ప్రాణం ఉంది. కానీ నది కమండలంలో ఉండగా వాణ్ణి చంపితే, నదీ వాడితోనే పోతుంది."

సముద్రం ఒడ్డు చేరాక, తాబేలు వీపు మీద పింగళుడు బయల్దేరాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం మీద కళ్ళు మూతలుపడ్డాయి. నేతి సముద్రం మీద అలలు లేవలేదు. పెరుగు సముద్రం మీద మంచు, పాల సముద్రం మీద పొగలా తెల్లటి నిశ్శబ్దం. ఆకాశమేదో నీరేదో తెలియలేదు. మంచినీళ్ళ సముద్రం దాటాక, పచ్చగా మెరుస్తూ హాయిదీవి కనిపించింది.

చెట్టుచెట్టుకూ బంగారు పళ్ళు. కొమ్మకొమ్మకూ చిలకలు. "అక్కడ ఏం బాగాలేదు, ఇక్కడే హాయి. అక్కడ ఏం బాగాలేదు, ఇక్కడే హాయి" అని అన్నీ ఒకటే పాట. రెండు చిలకలు వచ్చి పింగళుడి భుజాల మీద వాలాయి. "తిను తమ్ముడూ" అంది ఒకటి. "తిని మాతో ఉండిపో" అంది ఇంకొకటి. అవి అన్నల గొంతులే.

ఆ పండు వాసనకు పింగళుడికి అలసటంతా గుర్తొచ్చింది. పండు కోశాడు. పెదవుల దాకా తెచ్చాడు. అప్పుడు, సంపెంగికి తాను చెప్పలేకపోయిన జవాబు నోటికి వచ్చింది.

"నేను తీసుకుపోవడానికే వచ్చాను!" అని పండు విసిరేసి, గట్టిగా అడిగాడు. "తొలి వాన పడ్డ పొద్దున తెల్లేరు ఎలా వాసన వేసేదో మీలో ఎవరికైనా గుర్తుందా?"

పాట పలచబడింది. ఒక చిలక కంట నీరు తిరిగింది. తరవాత ఇంకొకటి. తడి మట్టి, నాచు, రేవులో ఆరేసిన వలలు అన్నీ వాటికి గుర్తొచ్చాయి. ఒకే ఒక్క చిలక మాత్రం పైకొమ్మ మీద, "ఇక్కడే హాయి, ఇక్కడే హాయి" అంటూనే ఉంది. దానికి ఊరు లేదు. గుర్తు చేసుకోవడానికి ఏమీ లేదు. పింగళుడు ఒక్క గెంతులో దాన్ని పట్టుకుని గుప్పిట్లో బిగించాడు. తిరిగి తాబేలు వీపెక్కాడు. తక్కినవన్నీ పచ్చటి మబ్బులా అతని వెంట ఎగిరాయి.

వాళ్ళు సముద్రాలన్నీ దాటి ఒడ్డు చేరిన పొద్దున పొగడపురంలో, సంపెంగి ఎప్పటిలా అడిగింది. మాంత్రికుడు మొదటిసారి నవ్వడం మరిచిపోయాడు.

"నువ్వొక్కదానివి అడగడం మానేస్తే ఈ నది ఎప్పటికీ నాదవుతుంది. పడవ కావాలా? వద్దా? నీ ఇంటికి రోజూ పది కడవలిస్తాను. వద్దా? నా పక్కన పీఠమేస్తాను, కూర్చో."

"వద్దు స్వామీ. మా నది ఎప్పుడిస్తారు?"

అప్పుడు వరసలోంచి ఒక అవ్వ తన ఖాళీ కడవను నేల మీద పెట్టింది. "అవును నాయనా, ఎప్పుడిస్తావు?" అంది. ఆమె వెనక ఇంకో కడవ దిగింది. ఇంకోటి దిగింది. సింహాసనం మీద ముసలి రాజు సిగ్గుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో ఆకాశం పచ్చబడింది. చిలకల కింద నడిచొస్తున్న పింగళుడు, అతని గుప్పిట్లో ప్రాణాల చిలక! అది చూసి మాంత్రికుడు కమండలం పైకెత్తాడు. "ఒక్క అడుగు వేశావా, నదిని తాగేస్తాను!" అని అరిచాడు.

పింగళుడు ఆగిపోయాడు. ఎంత దూరం వచ్చినా ఆ చివరి ముప్ఫై అడుగులు దాటే దారి లేదు. భటులందరూ అతన్నే చూస్తున్నారు. మూడడుగుల దూరంలో రోజూ నిలబడే పిల్లను ఎవరూ చూడలేదు. సంపెంగి చెయ్యి చాచి, కమండలం లాక్కుని, నేలకేసి కొట్టింది. పగిలిన కమండలంలోంచి తెల్లేరు చేపలతో, అలలతో, మూడేళ్ళ కోపంతో బయటికి దూకింది. అప్పుడు పింగళుడు చిలక మెడ విరిచేశాడు. మాంత్రికుడు పొగై చెదిరిపోయాడు. కమండలంలోంచి తెల్లేరు చేపలతో, అలలతో, మూడేళ్ళ కోపంతో బయటికి దూకింది. నది నీళ్ళు తగిలిన చిలకలన్నీ మనుషులైపోయాయి.

ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. తరవాత గొడవ మొదలైంది. "మేం దాహంతో చస్తుంటే మీరు పళ్ళు తిన్నారు" అన్నారు ఉన్నవాళ్ళు. "మీరు వాడికి దణ్ణాలు పెట్టారు" అన్నారు వెళ్ళినవాళ్ళు. రెండూ నిజమే. అది తీరడానికి చాలా రోజులు పట్టింది. రత్నకేతుకు మాత్రం తీరలేదు. "తమ్ముడూ, నాకీ ఊరు చాలు. కొండల అవతల కొత్త ఊరు కట్టుకుంటాను" అన్నాడు. పింగళుడు అతన్ని కావలించుకుని, పొలిమేర దాకా సాగనంపాడు. హేమకేతు ఉండిపోయి బావులు తవ్వించాడు.

మణికేతుడు కిరీటాన్ని చిన్నకొడుక్కిచ్చాడు. పింగళుడు గంగులు ఇంటికి వెళ్ళి, సంపెంగిని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. ఆమె మూడు రోజులు ఆలోచించి సరేనంది. పెళ్ళి తెల్లేటి మీద, తారు పూసిన ఆ పడవలోనే జరిగింది.

ఇద్దరూ చాలా కాలం రాజ్యమేలారు. అయితే ఒక చిత్రం జరిగింది. కమండలం పగిలిన చోటినుంచి తెల్లేరు పాయ ఒకటి పాత దారికి పోనంటే పోనని, రాజసభ మధ్యలోంచే పారసాగింది. ఆ హోరులో గుసగుసలు వినపడేవి కావు. అందుకని పొగడపురం సభలో రాజు దగ్గర్నుంచి అవ్వ దాకా, ఏ మాటైనా అందరూ గొంతెత్తే చెప్పుకునేవాళ్ళు.