రోటవేటర్ తగిలించిన పొద్దు

చిదంబరయ్యతాతను ప్రశ్న అడిగితే ఆ రోజే జవాబు దొరకదు. "ముందు పని కానీ" అంటాడు. పని అయ్యేలోపల అడిగినవాడు మరిచిపోతే సరే సరి, మరిచిపోకపోతే అప్పుడు చూస్తాడు. కదిరి దాటినాక గుట్టల కింద ఆయన మఠం. మఠమంటే గోపురాలేవీ ఊహించుకోకండి. నాలుగు రేకుల గదులు, పన్నెండెకరాల ఎర్రనేల, ఒక పాత ట్రాక్టరు, అంతే. నేనక్కడ వంట చూసేవాణ్ణి. నాకు నోరెక్కువ అని పేరు. ఆ నోరు అవసరమైన పూట ఎందుకూ పనికిరాలేదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

అడిగినవాడు హేమాద్రి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు, పై అధికారితో కొట్లాడి ఉద్యోగం వదిలేసి, శాంతి కావాలని మా దగ్గరికి వచ్చాడు. ఒక సాయంత్రం తాత ముందు కూర్చుని, "స్వామీ, రెండేళ్లుగా ధ్యానం చేస్తున్నా, కోపం మాత్రం పోవడంలేదు. అయినా నేను మనుషుల జోలికి పోను. గిన్నె విసురుతా, తలుపు తంతా. వస్తువుల మీద చూపించుకునే కోపంతో ఎవరికేం నష్టం చెప్పండి?" అన్నాడు. అడిగిన తీరు చూస్తే, తప్పేం లేదు నాయనా అనిపించుకుని పోదామని వచ్చినట్టే ఉంది.

తాత ఆకాశం చూసి, "రాత్రికి వాన పడేట్టుంది. పడితే పొద్దున్నే కిందిచేను దున్నాల" అన్నాడు.

వాన పడింది. నలభై రోజుల తర్వాత పడిన వాన. ఎర్రనేలలో పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప, ఆలోపల దున్ని శెనక్కాయ విత్తాలి. తెల్లారేసరికి హేమాద్రి ట్రాక్టరెక్కాడు. ట్రాక్టరు వెనకాల తిరిగే కత్తులతో మట్టిని గుల్లచేసే రోటవేటర్ తగిలించడానికి సాయంగా కుళ్లాయప్ప వెళ్లాడు. కుళ్లాయప్పకు యాభై దాటినాయి, మఠం పొలంలో కూలి చేస్తాడు. చదువుకున్నవాళ్లు ఏం చెప్పినా "సరే సార్" తప్ప ఇంకో మాట ఎరగడు. ఆ మంచితనం మీద నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

రోటవేటరేమో వాలులో, బురదలో, ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. పోయినసారి వాడినాక దాన్ని అక్కడ అట్లా వదిలేసింది హేమాద్రే. ట్రాక్టరు వెనక్కి పెట్టాడు, వంకరగా వచ్చింది. ట్రాక్టరు వెనకాల చేతుల్లా చాచుకుని ఉండే రెండు లింకుల్లో ఎడమది రోటవేటరు పిన్నుకు పట్టింది, కుడిది జానెడు దూరంలో నిలబడింది. దిగి చూసి సరిచేసుకోవచ్చు కదా! దిగడు. కూర్చున్న చోటినుంచే కేకలు. కుళ్లాయప్ప గడ్డపారతో ఆ ఇనుపగుట్టను ఎత్తి ఎత్తి, ఎట్లాగో కుడి లింకు కూడా పట్టించాడు. తర్వాత పైలింకు. ఇంక మిగిలింది షాఫ్టు. ఇంజన్ బలాన్ని రోటవేటరుకు అందించే కడ్డీ అదే. ట్రాక్టరు వెనకాల ఉన్న పళ్లలోకి దాని పళ్లు సరిగ్గా కూర్చోవాలి.

కూర్చోలేదు. హేమాద్రి దిగొచ్చి ఒకసారి తోశాడు, రెండుసార్లు తోశాడు, మొహం కందగడ్డలా చేసుకుని సమ్మెట తెచ్చి బాదాడు. పళ్ల అంచులు నలిగినాయి తప్ప షాఫ్టు దూరలేదు. "దీనెమ్మ!" అని సమ్మెట గిరాటేసి మళ్లీ సీటెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. "కుళ్లాయప్పా, షాఫ్టు గట్టిగా అదిమి పట్టుకో. లివరు ఇట్లా వేసి అట్లా తీసేస్తా. పళ్లు తిరిగి అవే పడతాయి."

మా పక్క డ్రైవర్లు చాలామంది చేసే పనే ఇది. నిమిషం కలిసొస్తుందని చేస్తారు. లివరు వేస్తే షాఫ్టు తిరిగేది రెప్పపాటే, కానీ పట్టుకున్న చెయ్యి దాంతోపాటు తిరగడానికి ఆ రెప్పపాటు చాలు. పక్క పల్లెలో ఒకతనికి మోచేతి దాకా పోయింది. కుళ్లాయప్పకు తెలుసు ఆ సంగతి, ఆస్పత్రికి మోసుకుపోయినవాళ్లలో అతనూ ఉన్నాడు. అయినా మెడలో తువ్వాలు వేలాడుతుండగానే వంగి, రెండు చేతులతో షాఫ్టు పట్టుకుని, "సరే సార్" అన్నాడు. నేను టీ చెంబుతో పదడుగుల దూరంలో ఉన్నాను. నా గొంతులోనుంచి మాట రాలేదు. థూ, నా నోరు!

"ఆపరా!"

ఆ కేక తాతదని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది. పన్నెండేళ్లలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. గట్టు మీదినుంచి పరుగున వచ్చి, చెయ్యి చాపి తనే ఇంజన్ ఆపేశాడు. హేమాద్రి రెక్క పట్టుకుని సీటులోనుంచి కిందికి లాగాడు.

"దిగు. షాఫ్టు నువ్వు పట్టుకో. కుళ్లాయప్పా, నువ్వెక్కు."

"వద్దు తాతా" అన్నాడు కుళ్లాయప్ప. నేను విన్నంతలో అతను కాదనడం అదే మొదలు.

"ఎక్కమన్నానా!"

ఎక్కాడు. హేమాద్రి వంగి షాఫ్టు పట్టుకున్నాడు. "స్టార్ట్ చెయ్యి" అన్నాడు తాత. ఇంజన్ అందుకుంది. కుళ్లాయప్ప రెండు చేతులూ మోకాళ్ల మీదే ఉన్నాయి, లివరు వైపు చూడను కూడా చూడలేదు. అయినా హేమాద్రి కాలిందన్నట్టు షాఫ్టు వదిలేసి, నాలుగడుగులు వెనక్కి ఎగిరి, బురదలో కూలబడ్డాడు.

తాత ఇంజన్ ఆపించాడు. "ఏమప్పా, వదిలేస్తివే?"

"భయమేసింది స్వామీ."

"ఓహో, నీకు భయం కూడా వేస్తుందా? అతనికి వెయ్యదనుకుంటివా? బుద్ధుందా నీకు? ఇంత చదివి, నలుగురికి పాఠాలు చెప్పి, తినేది అన్నమేనా?" ఇంకా చాలా తిట్టాడు. అవన్నీ రాస్తే ఆయన్ని స్వామి అంటే మీరు నమ్మరు.

తర్వాత గొంతు తగ్గించకుండానే పని చేయించాడు. తగిలించినవన్నీ విప్పించాడు. మఠంలో ఉన్నవాళ్లందరం కలిసి, తాళ్లు కట్టి రోటవేటరును చదునుగా ఉన్న చోటికి లాగాము. హేమాద్రి చేత ట్రాక్టరు ముందుకు తీయించి, నిదానంగా, నిటారుగా వెనక్కి పెట్టించి, ఇంజన్ ఆపించి, తాళంచెవి తన మొలలో దోపుకున్నాడు. ఎడమ లింకు ముందు. కుడిదానికి ఎత్తు తగ్గించే మర ఉంటుంది, దాన్ని నాలుగు చుట్లు తిప్పితే పిన్ను దానంతటదే దూరింది. పైలింకు. నలిగిన పళ్లను ఆకురాయితో రాయించి, గ్రీజు పూయించాడు. కుళ్లాయప్ప తువ్వాలు తీసి పక్కన పెట్టి, పళ్లు ఎదురుబొదురు వచ్చేదాకా షాఫ్టును చేత్తో ఇంత తిప్పి, దాని చివరుండే పిన్ను నొక్కి తోశాడు. టక్కుమని కూర్చుంది. ఊడొస్తుందేమోనని వెనక్కి లాగి చూశాడు, రాలేదు. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు. అంతకుముందు గంటసేపు సమ్మెటతో, బూతులతో జరగని పని.

మధ్యాహ్నానికి కిందిచేను సగం దున్నారు. అన్నాల దగ్గర హేమాద్రి తాత పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"స్వామీ, ఒక మాట. పొద్దున మీకూ కోపమొచ్చింది కదా. మీది ఒప్పు, నాది తప్పు ఎట్లా అవుతుంది? నేను కోప్పడింది ఇనుము మీద."

తాత ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. ఆయన కళ్లలో కోపం ఇంకా చల్లారలేదు.

"కోపం నీది. చెయ్యేమో కుళ్లాయప్పది" అన్నాడు.