రాజుగారి కాళ్ళు గోకే కుందేలవ్వ

వేల్స్ అనే కొండల దేశంలో, సముద్రం పక్కన, చాలా కాలం కిందట కెల్లి అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, నక్కలు, ఉడుతలు, నీటిపిల్లులు కలిసిమెలిసి ఉండేవి. ఏడాదిలో సగం రోజులు అక్కడ వానే. ఆ అడవే ఒక రాజ్యం. ఎంత చిన్న రాజ్యమంటే, ఈ చివర రాజుగారు తుమ్మితే ఆ చివర ఉడుతలు "చిరంజీవ!" అనేవి.

రాజ్యానికి పడమట సముద్రం. తూర్పున పొడవాటి మట్టికట్ట. కట్టకు అవతల తోడేళ్ళ రాజ్యం. కెల్లిలో పెద్ద తప్పు చేసినవాళ్ళను ఆ కట్ట దాటించేవారు. దాటినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

రాజు పేరు ఇద్వల్. ఆయన ఒక దుప్పి. మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే. ఆ వంశంలో అందరిదీ అదే తంతు. అందుకే వాళ్ళ తాతగారు తెలివిగా ఒక కొలువు పెట్టారు. రాజు విందుకు కూర్చోగానే ఒకరు కింద కూర్చుని, ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా గోకుతూ ఉండాలి. అలా గోకుతున్నంతసేపు, తప్పు చేసినవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటే వాళ్ళను ఎవరూ ముట్టుకోకూడదు. రాజైనా సరే, వాళ్ళు చెప్పేది వినాల్సిందే.

ఆ కొలువు గ్వెన్నో అనే ముసలి కుందేలుది. అందరూ ఆమెను అవ్వా అని పిలిచేవారు.

రాజుగారి దళపతి మీలిర్ అనే నక్క. తోక దువ్వుకోవడం, గొప్పలు చెప్పుకోవడం, ఈ రెండు పనులకే అతనికి రోజంతా సరిపోయేది.

ఒకసారి రాజుగారు ఏటి ఒడ్డున విందుకు వెళ్ళారు. ఆనవాయితీ ప్రకారం విందుకొచ్చిన అతిథుల కోసం నీటిపిల్లి హవిస్ పన్నెండు చేపలు తేవాలి. పాపం, మూడే తెచ్చింది.

"రాజుగారి విందుకే మూడు చేపలా? కట్ట దాటించండి!" అని రాజు గర్జించాడు. మీలిర్ సంబరంగా హవిస్ మెడ పట్టుకోబోయాడు.

హవిస్ ఒక్క గెంతుతో అవ్వ పక్కన కూలబడింది. అవ్వ గోకుతూనే, "చెప్పమ్మా, ఏమైంది?" అని అడిగింది.

"ఏరు పొంగి మా ఇల్లు కొట్టుకుపోయిందవ్వా. పిల్లల్ని ఒడ్డుకు చేర్చేసరికి తెల్లారిపోయింది. దొరికినవి ఇవే."

అవ్వ రాజుగారి గిట్ట పైన, సరిగ్గా దురద పెట్టేచోట గోకింది. రాజు కళ్ళు అరమోడ్పులయ్యాయి. "పిల్లలు బాగున్నారా? అదే చాలు. ఈ చేపలు కూడా వాళ్ళకే పెట్టు" అన్నాడు.

మీలిర్‌కు తల కొట్టేసినట్టయింది. తను పట్టుకున్నవాళ్ళను ఒక కుందేలు విడిపించడమా! మర్నాడే రాజు చెవిలో ఊదాడు.

"మహారాజా, కాళ్ళు గోకించుకునే రాజును ఎక్కడైనా చూశామా? తోడేళ్ళ రాజు వింటే పొట్ట పట్టుకుని నవ్వడూ?"

రాజుకు సిగ్గేసింది. కొలువు తీసేశాడు. అవ్వ స్థానంలో, రాజు కాళ్ళు పెట్టుకోవడానికి మీలిర్ ఒక చెక్కపీట వేయించాడు.

"సరే నాయనా" అంది అవ్వ. "మీ కోపం కాళ్ళలోంచే దిగేది. ఇక ఎలా దిగుతుందో చూసుకోండి." బుట్ట తీసుకుని కాయలు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి విందుల్లో నవ్వులు లేవు. అందరూ తలవంచుకుని, నమిలీ నమలకుండా తినేవారు.

వసంతం వచ్చింది. పూల పండగ విందు మధ్యాహ్నం మొదలైంది. మీలిర్ అందరి ముందు తన వీరగాథ చెప్పడం మొదలుపెట్టాడు. "అప్పుడు నేను తోడేలు మీదికి ఇలా ఎగిరాను!" అంటూ నిజంగానే ఎగిరాడు. దువ్విన తోక గిర్రున తిరిగి తేనెపానకం జాడీకి తగిలింది. జాడీ మొత్తం రాజుగారి నెత్తిన పడింది. కొమ్ముల నుంచి పానకం ధారలు కట్టింది.

"కట్ట దాటించండి!" రాజు అరుపుకు కొండలు మారుమోగాయి.

మీలిర్ పరుగున రాజుగారి కాళ్ళ దగ్గరికి పోయాడు. అక్కడ అవ్వ లేదు, తను వేయించిన పీట ఉంది. ఇంకేం తోచక తనే రాజు కాళ్ళు పట్టుకుని బరబరా గోకాడు. అతని గోళ్ళకు రాజు కాళ్ళు చీరుకుపోయాయి.

"అమ్మో! ఇప్పుడే దాటించండి!"

సొంత భటులే అతన్ని ఈడ్చుకుపోసాగారు. మీలిర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దూరంగా కాయలు ఏరుకుంటున్న అవ్వకు వినిపించింది. ఆమె బుట్ట పారేసి పరుగెత్తుకొచ్చింది. పీటను పక్కకు నెట్టి, కింద కూర్చుని, రాజుగారి కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది.

"నీ కొలువు తీసేశాం కదా అవ్వా?" అన్నాడు రాజు, ఇంకా బుసలు కొడుతూ.

"కొలువు తీసేశారు గానీ, దురద తీసేయలేదు కదా నాయనా!"

అవ్వ గోకింది. రాజు బుసలు మెల్లగా తగ్గాయి. ముక్కు మీదికి కారిన పానకాన్ని నాలుకతో అందుకుని, "ఈసారి పానకం భలే కుదిరిందే!" అన్నాడు. ముందు హవిస్ పకపకా నవ్వింది. తర్వాత ఉడుతలు నవ్వాయి. చివరికి రాజు కూడా కొమ్ములు ఊగేలా నవ్వాడు. ఎన్నాళ్ళకో వినబడ్డ నవ్వు అది.

రాజు సైగ చేయగానే భటులు మీలిర్‌ను వెనక్కి తెచ్చారు. అతను తలెత్తలేకపోయాడు. "అవ్వా, నిన్ను గెంటించింది నేనే. నా కోసం ఎందుకొచ్చావు?"

"నా పక్కన చోటు అందరిదీ నాయనా. నీకు మాత్రం ఎందుకు ఉండకూడదు?"

రాజు తీర్పు చెప్పాడు. అవ్వ కొలువును ఇక ఏ రాజూ తీసేయకూడదు. దళపతి పదవి హవిస్‌కు దక్కింది. మరి మీలిర్‌కు? "అవ్వ మా కాళ్ళు గోకుతుంది. పెద్దావిడ, తన కాళ్ళూ నొప్పి పుడతాయి. ఇకనుంచి వాటిని నువ్వు నొక్కాలి."

మీలిర్ సిగ్గుపడుతూ అవ్వ పక్కన కూర్చుని చేతులు చాచాడు. అవ్వ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఆగు నాయనా! ముందు వెళ్ళి గోళ్ళు కత్తిరించుకుని రా!"

నీతి: ఆపదలో ఉన్నవారిని కాపాడే ఏర్పాటును చులకన చేసి తీసేయకూడదు. రేపు అది మనకే కావలసి రావచ్చు.